గాలి స్థిరంగా ఉందనుకొనుము

జూన్ 29, ఆదివారం

అరుణ్‌కి కాలర్‌బోన్ విరిగింది. ఎడమవైపు. ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు.

గాలి అలా వచ్చిపడింది. ఎవరేం చేస్తారు?

జూన్ 30, సోమవారం

ఈ రిజిస్టరు ఏదో పాత బ్యాచ్ వారాంతపు పరీక్షల మార్కులది. వెనక సగం ఖాళీగా ఉంది. ఉదయలక్ష్మి ఇలాంటివి ముట్టుకోదు, బూజు అంటుంది. అందుకే ఇందులో రాస్తున్నాను. ఆవిడతోనే చెప్పుకోవచ్చు. కానీ "నేను ముందే చెప్పలేదూ" అంటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆ మాట వింటున్నాను. ఈ ఒక్కసారికి వినే ఓపిక లేదు.

క్రమంగా రాయాలి. పిల్లలకి నేను చెప్పేది అదే. ముందు దత్తాంశం, తర్వాత సాధన.

దత్తాంశం ఒకటి: పడవ. ముప్ఫై కిలోలు. ఒక్కరే నడపాలి. కింద నీళ్లలో రెండు రెక్కలుంటాయి. తెరచాపకి గాలి అందితే ఆ రెక్కలు పడవని మొత్తంగా నీళ్లలోంచి పైకి లేపేస్తాయి. మూరెడు ఎత్తున, చప్పుడు లేకుండా పోతుంది. ముక్కు నుంచి ఒక సన్నటి కర్ర నీటి మీదికి వేలాడుతూ ఉంటుంది. గుడ్డివాడి చేతికర్రలా నీటిని తడుముతూ, ఎంత ఎత్తులో ఉన్నామో కింది రెక్కకి చెప్పడం దాని పని. ఎత్తు మరీ పెరిగితే రెక్క నీళ్లలోంచి బయటికొచ్చేస్తుంది. అప్పుడు పడవ ముక్కు మీద పడుతుంది.

రెండు: అరుణ్‌కుమార్. నా పాత విద్యార్థి. పోచంపల్లి మగ్గాల ఇల్లు. తండ్రి నర్సింహులుకి ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. ఈ రిజిస్టరులోనే ఉన్నాడు, నలభై రెండో నంబరు. ఫిజిక్స్‌లో ఎనిమిది, పదకొండు, తొమ్మిది. రెండుసార్లు ఎంట్రన్స్ పోయింది. "నీ తలకి ఇది ఎక్కదురా, వెళ్లి చీరలు మడతపెట్టుకో" అని క్లాసులో అందరి ముందూ అన్నాను. వాడు చీరలు మడతపెట్టలేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పడవలు కడిగే పనికి చేరి, నడపడం నేర్చి, పోటీలు గెలిచి, ఒక రేకుల షెడ్డులో సొంత స్కూలు పెట్టాడు. రెండేళ్ల కిందట టాంక్‌బండ్ మీద నన్ను గుర్తుపట్టి "సార్, ఒక్కసారి ఎక్కుండ్రి" అన్నాడు. అప్పటికే కోచింగ్ సెంటర్లో నా క్లాసులు సగం తీసేసి వీడియోలకి అప్పగించారు. చేతినిండా ఖాళీ. ఎక్కాను, మళ్లీ దిగలేదు. నా అరవై మూడు కిలోల శరీరాన్ని ఉదయలక్ష్మి జీవితమంతా వెక్కిరించింది. ఈ పడవకి సరిగ్గా అంతే కావాలి.

మూడు: షెడ్డు. రేవు కమిటీ వాళ్లు దాన్ని అరుణ్‌కి ఏడాదికే ఇచ్చారు. జూలై 18, 19, 20 తేదీల్లో వానాకాలం పోటీ. ఈ రకం పడవలు పదకొండు వస్తున్నాయి. అందులో అరుణ్ స్కూలు పడవ మొదటి ఐదింటిలో ఉంటే షెడ్డు, రేవు వాడివే. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. కాగితం మీద రాసి ఇచ్చారు.

నిన్న పొద్దున ఆరున్నరకి అరుణ్ పడవ దింపాడు. లేచింది. ఒక విసురుగాలి వచ్చింది. ఇంకా లేచి, ముక్కు నీళ్లలోకి కుచ్చుకుంది. వాడు ముందుకెగిరి, తెరచాప కొయ్యని పట్టి ఉంచే తీగకి భుజం తగిలి పడ్డాడు.

సాధన: లేదు.

జూలై 1, మంగళవారం

గాలిదే తప్పు.

జూలై 2, బుధవారం

క్లాసయ్యాక అల్మాస్‌గూడ వెళ్లి అరుణ్‌ని చూసి వచ్చాను. చెయ్యి జోలెలో వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. వాళ్లమ్మ రాధమ్మ నాకు కుర్చీ తుడిచి వేసింది.

"కూసోండ్రి సాంబమూర్తి సార్. మా పోరనికి గురువంటే మీరే. ఎప్పుడు జూసినా మీ ముచ్చటే చెప్తడు."

చాయ్ ఇచ్చింది. బిస్కెట్లు పెట్టింది. నేను ఒకటి తీసుకున్నాను.

"ఎవరి కండ్లు వడ్డయో ఏమో సార్. గా పడవకు ఎవడో ఏదో చేసిండు. లేకుంటే మా వాడు వడుడేంది? నేనైతే శనివారం దాంక ఉపాసం వట్టిన."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలో చాయ్ చొక్కా మీద ఒంపుకున్నాను. ఆవిడ కంగారుగా తడిగుడ్డ తెచ్చింది.

ఆవిడ లోపలికి వెళ్లాక అరుణ్ మెల్లగా అన్నాడు. "ఎందుకు వడ్డనో సమజైతలేదు సార్. గా గాలికి వడే ముచ్చటే కాదు. గంతకు డబుల్ గాలి జూసిన. నేనే ఏదో తప్పు చేసిన."

"గాలి అలాంటిది" అన్నాను.

"పోటీల మీరే నడపాలె సార్" అన్నాడు.

"నేనా? మధు లేడూ?" మధు అంటే బడంగ్‌పేట్ సాఫ్ట్‌వేర్ మనిషి, స్కూల్లో నాకు తోటి విద్యార్థి.

"మధన్న తొంభై రెండు కిలోలున్నడు. ఆయన ఎక్కితే రెక్కలు కాదు, హెలికాప్టర్ కట్టినా లెవ్వది."

"నాకు యాభై నాలుగేళ్లురా."

"గాలికి మీ ఏజ్ తెల్వది సార్."

సరే అన్నాను. అనక చేసేదేముంది. నేను ఒప్పుకున్నందుకు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూడలేక బండి తాళం చెవులు వెతుక్కున్నాను, అవి చేతిలోనే ఉన్నాయి.

జూలై 5, శనివారం

పద్నాలుగుసార్లు పడ్డాను. మధు లెక్కపెట్టాడు. లెక్కపెట్టమని వాణ్ని ఎవరడిగారు?

అరుణ్ ఆటోలో వచ్చాడు. జోలె చేతిని గుండెకి ఆనించుకుని రేవు మెట్ల మీద నిలబడి అరిచాడు. "సార్, కండ్లు ఏడ వెట్టిండ్రు? గాలి నీళ్ల మీద నల్లగ ఉరికొస్తున్నది కనవడ్తలేదా? గది వచ్చి చెంప మీద కొట్టినంక తెరచాప తాడు ఇడుస్తరా? ఎస్సెమ్మెస్ పంపాల్నా మీకు?"

వాడి తిట్లలో ప్రతి వాక్యానికీ సార్ ఉంటుంది, అదొక మర్యాద. నేను నా విద్యార్థుల్ని తిట్టినప్పుడు ఏ మర్యాదా ఉండేది కాదు.

సాగర్ నీళ్లు మింగాను. మధ్యాహ్నం దాకా ఏమీ తినబుద్ధి కాలేదు.

జూలై 6, ఆదివారం

పదకొండుసార్లు. భుజం నొప్పి. ఆ నొప్పి వల్లే సరిగా చెయ్యలేకపోతున్నాను. రేపు విశ్రాంతి.

జూలై 7, సోమవారం

భుజం నొప్పి ఏమీ లేదు. విసురు వస్తుంటే నాకు అరుణ్ ఎగిరిపడిన తీరు కళ్ల ముందుకొస్తోంది. తాడు ముందే వదిలేస్తున్నాను.

జూలై 8, మంగళవారం

భోజనం దగ్గర ఉదయలక్ష్మి గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఏవండీ, పప్పులో ఉప్పు వేయలేదు."

"ఫర్వాలేదులే."

"నిన్న చారులోనూ వేయలేదు. కావాలనే వేయలేదు. ఆ అబ్బాయికి దెబ్బ తగిలిన దగ్గర్నుంచి మీరు ఏం పెట్టినా మాట్లాడట్లేదు. ఏం చేశారు?"

"నేనేం చేశాను? గాలి వచ్చింది."

"ఆడలేక మద్దెల ఓడని, అన్నిటికీ గాలి ఒకటి దొరికింది మీకు" అని ఉప్పు డబ్బా నా ముందు పెట్టి వెళ్లిపోయింది. తెనాలి వాళ్లతో ఇదే చిక్కు, ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగరు.

జూలై 9, బుధవారం

సరే, రాస్తాను.

ఆ ముక్కు కర్రని ఎంత బయటికి ఉంచాలో అరుణ్ గుర్తు పెట్టుకున్నాడు. కర్రకి ఎర్ర నూలుపోగు చుట్టి ముడివేశాడు, మగ్గం మీద వాళ్లమ్మ గుర్తు పెట్టుకున్నట్టు. ఆ గుర్తు వాడు నాలుగేళ్లు సాగర్ గాలిలో పడి లేచి సంపాదించుకున్నది. వాడు పడటానికి ముందు రోజు, శనివారం, నేను కాగితం మీద లెక్క వేశాను. కర్ర అంగుళం పొడుగు పెంచితే పడవ ఇంకాస్త ఎత్తున పోతుంది, రెక్క కాడ నీళ్లలో మునిగి ఉండేది తగ్గుతుంది, నిరోధం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. లెక్క తప్పు కాదు. ఇప్పటికీ కాదు. మొదటి పంక్తిలో "గాలి స్థిరంగా ఉందనుకొనుము" అని రాసుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా ప్రతి లెక్కకీ అలాంటి పంక్తి ఒకటి రాసే చెయ్యి ఇది. అనుకొనుము అంటే అయిపోయినట్టే. సాగర్‌లో గాలి ఏనాడూ స్థిరంగా లేదు, బహుశా ఎక్కడా ఉండదు.

ఆదివారం పొద్దున వాడు లైఫ్ జాకెట్ తెచ్చుకోవడానికి షెడ్డులోకి వెళ్లాడు. నేను కర్రని అంగుళం బయటికి లాగి బిగించాను. వాడి జవాబు పత్రం నా చేతికొచ్చినట్టు, ఎర్ర సిరా పెన్నుతో దిద్దినట్టు. వాడు పడవ ఎక్కేముందు చెబుదామనే అనుకున్నాను. మధు బజ్జీల పొట్లం విప్పాడు. నేను మిరపకాయ బజ్జీ తీసుకున్నాను. తిరిగి చూసేసరికి వాడు నీళ్లలో ఉన్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. అందరూ అరుణ్‌ని దవాఖానకి తీసుకెళ్లడానికి ఆటో ఎక్కిస్తున్నారు. నేను మాత్రం పడవ దగ్గర ఆగి, కర్రని మళ్లీ ఎర్రపోగు దాకా లోపలికి తోసేశాను. అప్పుడు నా చేతులు వణకలేదు. అదే నాకు సిగ్గుగా ఉంది.

జూలై 10, గురువారం

ఈ రోజు గురుపౌర్ణమి. బాబా గుడి క్యూ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. సెంటర్‌కి చేరడానికి బండి దిగి నడవాల్సి వచ్చింది.

పదకొండింటికి స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర అరుణ్. ఒక చెయ్యి జోలెలో, రెండో చేతికి కవరు. అరటిపళ్లు, శాలువా. ఆ రద్దీలో, ఆ నొప్పితో, నాకోసం వచ్చాడు. ఒంటి చేత్తో శాలువా విప్పలేక పళ్లతో పట్టుకుని మడత విప్పుతున్నాడు. మా ఇన్‌చార్జి సాయికుమార్ ఫోను తీసి ఫోటోకి సిద్ధమయ్యాడు.

ఆ శాలువా నా భుజాల మీద పడితే ఇంక ఈ జన్మకి చెప్పలేనని తెలిసిపోయింది.

"సాయికుమార్, కాసేపు బయటికి వెళ్లు" అన్నాను. వెళ్లాడు. "అరుణ్, నువ్వేం తప్పు చెయ్యలేదు. కర్ర నేను జరిపాను."

"ఏంది సార్?"

"అంగుళం. నీకు చెప్పకుండా."

వాడు శాలువాని బల్ల మీద పెట్టాడు. బయట గుడి మైకులో హారతి.

"నేను వచ్చి జూసినప్పుడు గుర్తు కాడనే ఉండె గద?"

"నువ్వు పడ్డాక మళ్లీ వెనక్కి తోశాను."

"పదకొండు దినాలు" అన్నాడు. "పదకొండు దినాల నుంచి నా చేతుల్ల ఏదో తప్పున్నదని పరేషాన్ అయిన. మల్ల పడవ ఎక్కుతనో లేదో అనుకున్న. మా అమ్మ ఉపాసాలున్నది." గొంతు పెద్దది కాలేదు. అయ్యుంటే బాగుండేది.

శాలువాని ఒంటి చేత్తోనే మడిచి కవర్లో పెట్టుకున్నాడు. అరటిపళ్లు బల్ల మీదే వదిలి వెళ్లిపోయాడు.

పన్నెండింటి క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటికొచ్చి ఉదయలక్ష్మికి అంతా చెప్పాను. "నేను ముందే" అని మొదలుపెడుతుందని చూశాను. అనలేదు. నా పక్కన కూర్చుంది. "పోటీ మాత్రం మానకండి. మానితే ఆ పిల్లాడికి రెండుసార్లు అన్యాయం చేసినవాళ్లవుతారు" అంది.

జూలై 11, శుక్రవారం

అరుణ్ ఫోన్ ఎత్తలేదు.

జూలై 12, శనివారం

వచ్చాడు. నా వైపు చూడడు. మాట్లాడేదంతా మధుతోనే, నేను రెండడుగుల దూరంలో ఉండగానే.

"అన్నా, తాడు మొత్తం ఇడువద్దని చెప్పు ఆయనకు."

"సార్, తాడు మొత్తం వదలొద్దంట."

"వేళ్ల మధ్య నూలు వట్టుకున్నట్టు వట్టాలె. జోరుగ గుంజితే తెగుతది, ఇడిస్తే చిక్కువడ్తది. విసురు వస్తుంటే జర వదులు చేసి మల్ల తీస్కోవాలె."

"సార్, నూలులాగా అంట. తెగుద్దంట, చిక్కుపడుద్దంట."

"వినపడింది మధూ, నాకు చెవులున్నాయి."

ఎనిమిదిసార్లు పడ్డాను. ఒక్కసారీ తిట్టలేదు. పడ్డ ప్రతిసారీ మెట్ల వైపు చూశాను.

కర్రని నేను ముట్టుకోను. దింపేముందు ప్రతిసారీ వాడే వంగి ఒంటి చేత్తో ఎర్రపోగు చూసుకుని, బిగింపు చూసుకుని పక్కకి జరుగుతాడు. ప్రతిసారీ రెండుసార్లు చూసుకుంటాడు. ముందు ఒక్కసారే చూసేవాడు.

జూలై 14, సోమవారం

మూడుసార్లు.

జూలై 16, బుధవారం

ఈ రోజు ఒక్కసారి కూడా పడలేదు.

ఎక్కడ తేడా వచ్చిందో రాసుకోవాలి. ఇన్నాళ్లూ విసురు ఎంత వేగంతో వస్తుంది, తాడు ఎన్ని అంగుళాలు వదలాలి అని లెక్క కట్టేవాణ్ని. లెక్క పూర్తయ్యేలోపు నీళ్లలో ఉండేవాణ్ని. ఈ రోజు కళ్లు నీటి మీద పెట్టి, తాడుని చూపుడు వేలికీ బొటనవేలికీ అప్పగించాను. నల్లటి మచ్చ పరుగెత్తుకొచ్చింది. వేళ్లకి ముందే తెలిసింది. వదిలాయి, పట్టుకున్నాయి. పడవ లేచి, వంగి, నెక్లెస్ రోడ్డు పొడవునా రివ్వున పోయింది. ఎవరూ లేరు కదా అని గట్టిగా కేకపెట్టాను. ఒడ్డున వాకింగ్ చేస్తున్న ఆడవాళ్లు ఆగి చూశారు.

ఎనిమిది మార్కుల కుర్రాడికి ఇది ఎప్పటినుంచో తెలుసు. నేనే వాడికి తప్పు ప్రశ్నలు ఇచ్చాను.

జూలై 18, శుక్రవారం

రెండు పందేలు. మొదటిదాంట్లో తొమ్మిదో స్థానం. రెండో దాంట్లో బుద్ధ విగ్రహం చాటుకి పోయాను. అక్కడ గాలి చచ్చిపోతుంది, పడవ నీళ్లలో కూర్చుంది. మళ్లీ లేవబోతూ బోల్తాపడ్డాను, పూర్తి చెయ్యలేదు. రాత్రి భోజనంలో ఉప్పు తక్కువైందన్నాను. ఉదయలక్ష్మి నవ్వింది.

జూలై 19, శనివారం

ఏడు. తర్వాత నాలుగు. నాలుగు!

మొత్తం మీద ఇప్పుడు ఎనిమిదో స్థానం. రేపు రెండు పందేలు. రెండింట్లోనూ మొదటి ముగ్గురిలో ఉంటే, నాకంటే ముందున్నవాళ్లు కొందరు జారితే, ఐదో స్థానం. మధు పేపర్ మీద వేసి చూపించాడు. "కొందరు జారితే అనుకొనుము" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

అరుణ్ షెడ్డులో పాత తాళ్లు చుట్టలు చుట్టి మూటలు కడుతున్నాడు. ఖాళీ చెయ్యాల్సి వస్తే ఇబ్బంది లేకుండానట. అది కూడా మధుకే చెప్పాడు.

జూలై 20, ఆదివారం

వేళ్లు పెన్ను పట్టుకునే స్థితిలో లేవు. అయినా ఈ రోజే రాయాలి.

బోనాల ఆదివారం. ఎల్బీనగర్‌లో మా ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరి, డప్పుల గుంపులు తప్పించుకుంటూ వెళ్లేసరికి అరుణ్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. ఉదయలక్ష్మి కూడా వచ్చింది, రెండేళ్లలో మొదటిసారి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ నీళ్లలోనా మీరు రోజూ స్నానం చేసేది?" అంది.

పొద్దుటి పందెంలో మూడో స్థానం. అది రాయడానికి ఓపిక లేదు, రెండోదాని గురించి రాస్తాను.

మధ్యాహ్నం మూడింటికి ఖైరతాబాద్ వైపు ఆకాశం ఇనుప రేకులా అయ్యింది. గాలి ఒక దిక్కున వీస్తూ ఉండగానే ఇంకో దిక్కు నుంచి కొడుతోంది. ముగ్గురు పడవలు దింపనే లేదు. మొత్తం మీద నాకంటే ఒక మెట్టు పైనున్న బెంగళూరు అతను కూడా అందులో ఉన్నాడు.

మధుని పిలిచి, "అరుణ్‌ని అడుగు, ఈ గాలికి కర్ర ఎంత ఉండాలో" అన్నాను.

మధు అడిగేలోపే అరుణ్ వచ్చాడు. వంగి, ఎర్రపోగు దాటించి రెండు వేళ్ల వెడల్పు లోపలికి తోసి బిగించాడు. ఎత్తు తగ్గుతుంది, వేగం తగ్గుతుంది, కానీ రెక్క బయటికి రాదు. రెండోసారి చూసుకోకుండానే లేచి వెళ్లాడు.

హారన్ మోగింది. ఎనిమిది పడవలం గీత దాటాం. గాలికి ఎదురుగా ఏటవాలుగా పైకి వెళ్లి, నీళ్ల మీద తేలే నారింజ రంగు బెలూన్ చుట్టి, గాలిని వీపున వేసుకుని కిందికి రావాలి. కింద ఇంకో బెలూన్. అలా రెండు చుట్లు, ఆఖరున కింది బెలూన్ దాటాక గీత వైపు ఒక మలుపు. అందరూ నాకంటే ఎత్తున, నాకంటే వేగంగా పోయారు. నేను ఐదోవాణ్ని. పై బెలూన్ దగ్గర తిరగడమే అసలు భయం. తిరిగే క్షణంలో గాలి మొత్తం తెరచాపని తన్నుతుంది. సరిగ్గా అక్కడికి పెద్ద మచ్చ ఒకటి వచ్చింది, నీళ్లు నల్లగా, గరుకుగా. నా ముందు బొంబాయి అతను ఎత్తున లేచాడు, అతని రెక్క మెరిసింది, ముక్కు మీద పడ్డాడు. అతని పక్కన ఇంకొకడు. అచ్చం ఆ రోజు అరుణ్ పడ్డట్టే. తాడు మొత్తం వదిలెయ్యమని ఒళ్లంతా అరుస్తోంది.

వేళ్లు వదల్లేదు. జర వదులు చేశాయి, మళ్లీ తీసుకున్నాయి. పడవ తగ్గి, నీటికి జానెడు ఎత్తున, తిరిగింది. గాలి వీపున పడింది. అక్కడినుంచి రేవు దాకా నేను పడవ నడపలేదు, గాలే నన్ను ఎత్తుకుని పరుగెత్తింది. బతికున్నంతకాలం మర్చిపోను. రేవు దగ్గర మధు గంతులేస్తున్నాడు, తొంభై రెండు కిలోలూ.

రెండో చుట్టులో నా ముందున్న ఇంకొకడు పడ్డాడు. మిగిలింది ఒక్క జ్యోతిక, చెన్నై నుంచి వచ్చిన పదిహేడేళ్ల పిల్ల. ఆమె పడవ కూడా తడబడింది. కింది బెలూన్ దగ్గర ఆమెని దాటేశాను. నేను మొదట! ఆ సంగతి తెలియగానే బుద్ధి గడ్డి తిన్నది. ఆఖరి మలుపు ఎక్కడ తిరగాలా అని లెక్క మొదలుపెట్టాను, ముందే తిరిగాను, పడవ నీళ్లలో కూర్చుంది. ఆ పిల్ల రివ్వుమని వెళ్లిపోయింది. మళ్లీ లేపుకుని, వెనకవాళ్లు అందుకోకముందే గీత దాటాను. రెండోవాణ్ని.

లెక్క తేలడానికి ముప్పావుగంట పట్టింది. కమిటీ ప్రెసిడెంటు ప్రసన్నకుమార్ గారు కాగితం పట్టుకుని వచ్చి, మొత్తం మీద ఐదో స్థానం స్కూలు పడవది అన్నారు. ఒకే ఒక్క పాయింటు తేడా. షెడ్డు, రేవు వాళ్లకే ఉంటాయి అన్నారు. మధు నన్ను ఎత్తేశాడు. ఉదయలక్ష్మి కొంగు ముక్కు మీద నుంచి తీసి కళ్లు తుడుచుకుంది.

అరుణ్ కనబడలేదు. చూస్తే నడుము లోతు నీళ్లలో ఉన్నాడు, జోలె తడవకుండా మోచెయ్యి పైకెత్తి, రెండో చేత్తో పడవ ముక్కు పట్టుకుని. నేను దిగి దగ్గరికి వెళ్లాను. వాడు పడవ వైపే చూస్తున్నాడు. ఒక్కసారిగా నా మీదికి తిరిగాడు.

"ఏంది సార్ గది? గా ఆఖరి మలుపు ఏంది? నిద్రవోయిండ్రా? పొల్లగాళ్లు కూడ గట్ల తిర్గరు! ఫస్టు వచ్చేటోళ్లు సార్ మీరు, ఫస్టు! గాడ మల్ల లెక్కలు జేసిండ్రు గద? మీ మొకం జూస్తేనే సమజైంది నాకు. దిమాక్ పక్కన వెట్టుండ్రి అని ఎన్నిసార్లు చెప్పాలె సార్? గా చెన్నై పోరి మీ ముంగట నుంచి పోతుంటే టాటా చెప్తరా?"

అరుస్తూనే ఉన్నాడు. వాడి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను ఒళ్లంతా కారుతూ నిలబడి అన్నీ విన్నాను. సార్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు. ఇన్ని తిట్లు తిని ఇంత ఆనందపడిన రోజు నా జీవితంలో లేదు.

"రేపు పొద్దుగాల ఆరింటికి రాండ్రి. గా మలుపు వంద సార్లు తిప్పిస్త."

"పోటీ అయిపోయింది కదరా, షెడ్డు కూడా దక్కింది."

"డిసెంబర్ల చెన్నైల పోటీ ఉన్నది. అప్పటికి నా బొక్క అతుకుతది. నేను వేరే పడవ కిరాయికి తీస్కుంట" అని పడవని నా వైపు తోశాడు. "మన పడవల మీరుండాలె సార్."

ఎనిమిదింటి క్లాసు తొమ్మిదిన్నరకి మార్చమని సాయికుమార్‌కి మెసేజ్ పెట్టాను.